ఏడు రాత్రులు, అయిదు రేవులు

ముప్పై ఒక్క సంవత్సరాలు జిల్లా పరిషత్ పాఠశాలల్లో సాంఘిక శాస్త్రం చెప్పాను. గోడకు పటం తగిలించి, ఉత్తర అమెరికాకూ దక్షిణ అమెరికాకూ మధ్య నూకలు చల్లినట్లుండే చుక్కలను బెత్తంతో చూపించి, "ఇవి వెస్టిండీస్ దీవులు, చెరకు పంటకు ప్రసిద్ధి" అని చెప్పి తరువాతి పాఠానికి వెళ్ళిపోయేవాణ్ణి. ఆ చుక్కల మధ్య నేనూ నా భార్యా ఓడలో తిరుగుతామని అప్పుడు ఎవరైనా అని ఉంటే నవ్వి ఊరుకునేవాణ్ణి.

మా అబ్బాయి న్యూజెర్సీలో ఉంటాడు. మా పెళ్ళయి 2024తో నలభై ఏళ్ళు నిండాయి. ఆ సందర్భంగా వాడు మమ్మల్ని పిలిపించుకుని, 2025 జనవరిలో ఏడు రాత్రుల కరీబియన్ ఓడ ప్రయాణానికి టికెట్లు కొన్నాడు. "బాపూ, మీరిద్దరే పోవాలె. మేం రాము" అన్నాడు. మా ఇంటామె మొదట ఒప్పుకోలేదు. "నలభై ఏండ్లల్ల నన్ను చీరాల దాకా తీస్కపోయిండ్రు, నాగపూర్ దాకా తీస్కపోయిండ్రు. ఇప్పుడు సముద్రంల ఏముంటది నాకు?" అంది. ఆ మాటలో ఎంత దెప్పు ఉందో నాకు అప్పుడు పూర్తిగా అర్థం కాలేదు.

వరంగల్‌లో మా సంఘపు పెద్ద ఒకాయన ఫోనులో, "మాస్టారూ, ఉజ్జీవ కూటాల పందిరికి చందా అంటే లెక్కలడుగుతరు, ఓడలెక్కడానికి మాత్రం లెక్క లేదు" అని హాస్యమాడాడు. హాస్యమే గాని ముల్లులా గుచ్చుకుంది. డబ్బు నాది కాదు, కొడుకుది అని జవాబు చెప్పాను. ఆ జవాబు నాకే నచ్చలేదు.

పిల్లలు అమెరికాలో ఉన్నవారు మన సంఘాల్లో చాలామంది ఉన్నారు గనుక ఒకటి రెండు పనికొచ్చే మాటలు ముందే చెబుతాను. ఓడ అమెరికా రేవు నుంచి బయలుదేరి వేరే దేశాలు తాకి మళ్ళీ అమెరికాకే వస్తుంది. కాబట్టి వీసా ఒకసారి ప్రవేశానికి మాత్రమే అయితే తిరిగి రానివ్వరు, పలుమార్లు ప్రవేశించే వీసా ఉండాలి. ఒక్కొక్క దీవిది ఒక్కొక్క నియమం, వాటిని టికెట్ కొనకముందే కనుక్కోవాలి. కిటికీ లేని లోపలి గది చవక, మేము తీసుకున్నది అదే. టికెట్ ధర మీద పనివాళ్ళ బక్షీసు అని మనిషికి రోజుకు పదహారు డాలర్లు వేరుగా పట్టుకున్నారు. ఇంట్లో వండిన పచ్చళ్ళు ఓడలోకి తేవద్దని వాడు ముందే చెప్పాడు. మా ఆమె నాలుగు రోజులు అలిగింది. వాంతులకు బిళ్ళలు, రోజువారీ మందులు చేతిసంచిలోనే పెట్టుకోవాలి, పెద్ద పెట్టెలు గదికి చేరేసరికి రాత్రవుతుంది.

న్యూజెర్సీ నుంచి విమానంలో నాలుగు గంటలు ఎగిరితే ప్యూర్టోరికో దీవిలోని శాన్‌హువాన్ పట్టణం. అది అమెరికా అధీనంలోనిదే. 1898లో స్పెయిన్‌తో యుద్ధం చేసి అమెరికా తీసుకుంది. రేవు పక్కనే స్పెయిన్ వాళ్ళు పదహారో శతాబ్దంలో మొదలుపెట్టిన కోట. రాతి గోడ మీద చెయ్యి పెట్టి మా ఆమె, "మన ఖిలా వరంగల్ దర్వాజలకంటే గొప్పదేం గాదు" అని తీర్పు చెప్పింది.

ఓడ మాత్రం ఆమె నోరు మూయించింది. పన్నెండు అంతస్తులు. ప్రయాణికులు మూడు వేలు, పనివాళ్ళు వెయ్యికి పైన. అపొస్తలుల కార్యములలో పౌలుగారు ఎక్కిన ఓడలో రెండువందల డెబ్బయి ఆరుగురు అని సండే స్కూలు పిల్లలకు ఎన్నోసార్లు చెప్పి ఉన్నాను. అదే పెద్ద ఓడ అనుకునేవాణ్ణి. ఓడ కదలకముందే అందరినీ ఒకచోట చేర్చి, ప్రమాదమొస్తే ఏ పడవ దగ్గరికి రావాలో, రక్షణ కోటు ఎలా కట్టుకోవాలో చూపించారు. అందరూ ఫోటోలు తీసుకుంటూ నవ్వుతుంటే ఆమె ఒక్కతే శ్రద్ధగా వింది, మా పడవ నంబరు చేతి మీద రాసుకుంది.

తిండి గురించి ఎంత తక్కువ చెబితే అంత మంచిది. పొద్దున్నుంచి అర్ధరాత్రి దాకా అడ్డూ ఆపూ లేదు. అన్నం ఉంది, పప్పు కూడా ఉంది, వంటవాళ్ళల్లో మన దేశం వాళ్ళే ఎక్కువ. కాని పళ్ళేల్లో వదిలేసినదంతా చూస్తే కడుపులో దేవినట్లయింది. ఆ మాట అనకపోతే అబద్ధమాడినట్లవుతుంది.

మా గది సర్దే అబ్బాయి గోవావాడు. ఒప్పందం ఎనిమిది నెలలు, మధ్యలో ఇంటికి పోవడం లేదు. అతనికి కూతురు పుట్టి అయిదు నెలలైంది, ఇంకా చేతులతో ఎత్తుకోలేదు, ఫోనులోనే చూశాడు. తువ్వాళ్ళతో రోజుకొక జంతువు చేసి మంచం మీద పెట్టేవాడు. ఏనుగు చేసిన రోజున మా ఆమె దాన్ని విప్పనివ్వలేదు.

మొదటి రేవు సెయింట్ థామస్. కొండల మధ్య ఎర్రటి ఇంటి కప్పులు, నీలాల రాయి వంటి నీళ్ళు. అందరూ ఇసుక తీరానికి పోయారు. మేము ఊళ్ళో నడిచి లూథరన్ గుడికి వెళ్ళాం. ఆ సంఘం 1666లో మొదలైంది. ఈ దీవి ఒకప్పుడు డెన్మార్కుది. మన తమిళ తీరంలోని తరంగంబాడి కూడా అప్పుడు ఆ డెన్మార్కు రాజుదే. 1706లో తరంగంబాడికి జీగెన్‌బాల్గ్, ప్లూచౌ వచ్చారు. ఆ మిషను మనిషే బెంజమిన్ షుల్జ్, మద్రాసులో కూర్చుని తెలుగులోకి బైబిలు అనువాదం మొదట మొదలుపెట్టినవాడు. పాపం, అది అచ్చుకు నోచుకోలేదు. ఇక ఈ సెయింట్ థామస్‌కు 1732 డిసెంబరులో మొరేవియన్ సహోదరులు ఇద్దరు వచ్చారు. డోబర్ కుమ్మరి, నిచ్‌మన్ వడ్రంగి. చెరకు తోటల బానిసలకు సువార్త చెప్పడానికే వచ్చారు. ఒకే రాజు జెండా కింద భూమికి ఆ చివరా ఈ చివరా మిషను పని జరిగిందని నేను ఆమెకు చెబుతూ ఉంటే, గుడి దగ్గరి గైడు కూడా ఆగి విన్నాడు.

గైడు పెద్దమనిషి, నల్లవాడు. అతను తన వంతు చెప్పాడు. 1917లో డెన్మార్కు ఈ దీవులను అమెరికాకు రెండున్నర కోట్ల డాలర్లకు అమ్మేసింది. నేను అనువాదం చేసి చెప్పగానే మా ఆమె అడిగింది: "అమ్మేముందు గీ జనాన్ని అడిగిండ్రా?" అడిగాను. అడగలేదట. 1916లో ఓట్లు పెట్టారు గాని అది డెన్మార్కులో, దీవులవాళ్ళకు ఓటు లేదు. ఆమె "ఊఁ" అని మరేమీ అనలేదు. తిరిగి ఓడ దాకా ఒక్క మాట లేదు. ఎండ ఎక్కువైందేమో అనుకున్నాను.

మరునాడంతా సముద్రమే. ఓడ ఊగింది. బిళ్ళ వేసుకుని ఆమె పడుకుంది. నేను పై అంతస్తులో కూర్చుని నీళ్ళు చూశాను. పాఖాల చెరువు నిండినప్పుడు కట్ట మీద నిలబడితే ఆవలి ఒడ్డు అడవి కనబడుతుంది. ఇక్కడ ఆవలి ఒడ్డు లేదు. ఫోను పనిచేయదు, పనిచేయించాలంటే వేరే డబ్బు. సంఘపు కమిటీ లేదు, పింఛనుదార్ల సంఘం లేదు, వార్తలు లేవు. నలభై ఏళ్ళ కాపురంలో మేమిద్దరం ఇంతసేపు, మూడో మనిషి లేకుండా, పని లేకుండా ఉన్న రోజు లేదని అప్పుడు తట్టింది. మధ్యాహ్నం గదికి వెళితే కిటికీ లేని చీకట్లో ఆమె మేలుకునే ఉంది. "పండుకున్నవనుకున్నా" అన్నాను. "లేదు" అంది. అంతే.

మూడోరోజు బార్బడోస్. 2021 నవంబరు 30న ఈ దేశం ఇంగ్లండు రాణిని వదలి గణతంత్రమైంది. నాకు మాత్రం చిన్నప్పటి నుంచి బార్బడోస్ అంటే సోబర్స్, వెస్ హాల్, మార్షల్. టాక్సీవాణ్ణి బతిమాలి కెన్సింగ్టన్ ఓవల్ దగ్గర ఆపించాను. బయట సోబర్స్ విగ్రహం ఉంది. 2024 జూన్ 29న మనవాళ్ళు దక్షిణాఫ్రికాను ఏడు పరుగుల తేడాతో ఓడించి ప్రపంచకప్పు గెలిచింది ఈ మైదానంలోనే. మా వీధి పిల్లలు ఆ రాత్రి టపాకాయలు కాల్చి నిద్రపోనివ్వలేదు.

ఇంకొక సంగతి, ముఖ్యంగా పత్తి పండించే మన రైతు కుటుంబాలకు. పొడుగు పింజ పత్తి జాతి ఒకదానికి శాస్త్రజ్ఞులు పెట్టిన పేరులో బార్బడోస్ పేరే ఉంది, బార్బడెన్స్ అంటారు. ఎనుమాముల మార్కెట్లో పింజ పొడుగు చూసి ధర చెప్పేవాళ్ళకు ఆ పేరు వెనక ఈ చిన్న దీవి ఉందని తెలిస్తే ఆశ్చర్యపోతారు. మిరపకాయ కూడా ఈ దిక్కుదే. కొలంబసు మనుషులు ఈ దీవుల్లోనే మొదట రుచి చూశారు, తరువాత పోర్చుగీసువాళ్ళు మన దేశానికి తెచ్చారు. అక్కడ అంగట్లో గుండ్రని, ముడతల ముడతల మిరపకాయలు కుప్పపోసి ఉన్నాయి. చూడగానే మా ఆమె, "మన చపాటా కాయ లెక్కనే ఉన్నది!" అని ఒకటి కొరికింది. కళ్ళల్లో నీళ్ళు. మన చపాటా రంగుకు పేరు గాని కారం తక్కువ, ఇది నిప్పు. అమ్మే ముసలావిడ నవ్వి కొబ్బరి ముక్క ఇచ్చింది. పసుపుపచ్చ మిరప సాసు సీసా రెండు కొన్నది. సీల్ వేసినవి గనుక ఓడవాళ్ళు అడ్డుపెట్టలేదు. ప్రయాణంలో ఆమె అడిగి కొన్నవి అవే.

నాలుగోరోజు సెయింట్ లూషియా. పచ్చని కొండలు, సముద్రంలోంచి మొలిచిన రెండు శిఖరాలు. దీవి జనాభా రెండు లక్షలు లేదు, మా వరంగల్ నగరంలో నాలుగో వంతు కూడా కాదు. అయినా ఇద్దరు నోబెల్ బహుమతి గ్రహీతలు పుట్టారు, ఆర్థర్ లూయిస్, డెరిక్ వాల్కట్. నేను చూడాలనుకున్నది వేరు. బానిసత్వం పోయాక తోటల్లో పనికి మనుషులు దొరకక, 1859 మే 6న 'పామైరా' అనే ఓడలో మన దేశం నుంచి కూలీలను ఇక్కడికి తెచ్చారు. తరువాత ఇంకా ఓడలు వచ్చాయి.

కాస్ట్రీస్ పట్టణపు అంగట్లో దాల్చినచెక్క, జాజికాయ అమ్మే ఒకావిడ ముక్కూ మొహమూ చూసి మా ఆమె ఆగిపోయింది. అచ్చం మన నర్సంపేట దిక్కు మనిషి. చేతులతో, నా ఇంగ్లీషుతో మాట్లాడాం. ఆవిడ ముత్తవ్వ వాళ్ళు ఇండియా నుంచి వచ్చారట. ఏ ఊరు? తెలియదు. ఏ భాష? తెలియదు. రొట్టె చేసే పద్ధతి మాత్రం తెలుసు, పప్పు అనే మాట తెలుసు. మా ఆమె ఆవిడ చెయ్యి పట్టుకుని కొంతసేపు అలాగే నిలబడింది. దాల్చినచెక్క కట్ట ఒకటి ఎక్కువ వేసి ఇచ్చింది ఆవిడ.

ఆ సాయంత్రం ఓడ ఉత్తరానికి తిరిగింది. చీకటి పడేసరికి కుడిచేతి వైపు మార్టినిక్ దీవి దీపాలు. అది ఫ్రెంచివాళ్ళది, మేము ఆగలేదు. పై అంతస్తులో రెయిలింగు పట్టుకుని నా అలవాటు కొద్దీ పాఠం మొదలుపెట్టాను. 1853 మేలో పాండిచ్చేరి నుంచి 'ఒరేలీ' అనే ఓడ అక్కడికి మన కూలీలను తెచ్చింది. తరువాతి ముప్పై ఏళ్ళలో అక్కడికీ ఆ పక్క గ్వాడెలూప్‌కూ కలిపి అరవై వేల మందికి పైగా తెచ్చారు. ఎక్కువమంది తమిళులు, మన తెలుగువాళ్ళు కూడా ఉన్నారు. అయిదేళ్ళ ఒప్పందం మీద వేలిముద్ర వేయించుకున్నారు. కాలం తీరాక తిరిగి పోయినవాళ్ళు కొందరే.

"వేలిముద్ర ఏసేటప్పుడు ఎక్కడికి పోతున్నరో వాండ్లకు చెప్పిండ్రా?" అని అడిగింది.

"చెప్పి ఉండరు."

కొంతసేపు గాలి చప్పుడు. అప్పుడు అంది, "మా నాయన చెల్క అమ్మినప్పుడు నాకూ చెప్పలే."

గొంతులో వెలక్కాయ పడ్డట్టయింది. 2009 సంగతి అది. నర్సంపేట దగ్గర మా మామగారు పెళ్ళప్పుడు ఆమె పేర రాసిచ్చిన మూడెకరాల చెల్క. గట్టు మీద తొమ్మిది తాటిచెట్లు. అబ్బాయికి అమెరికాలో సీటొచ్చింది, ఫీజు కట్టాలి. నేను బేరం కుదుర్చుకుని, బయానా తీసుకుని, ఆ తరువాత ఇంటికొచ్చి చెప్పాను. రిజిస్ట్రారు ఆఫీసులో ఆమె సంతకం పెట్టింది. నోరెత్తలేదు గనుక ఇష్టమేననుకున్నాను. పదిహేనేళ్ళు దాటింది, ఒక్కనాడూ ఆ మాట మా మధ్య రాలేదు.

"కొడుకు చదువుకే గద" అన్నాను. నా మాట నాకే పలచగా వినబడింది.

"కొడుకు కోసం అడిగితే నేను ఇయ్యకపోదునా? నా చేతులతోని నేనే ఇద్దును. అడగలే గద. ఇచ్చిన సంతోషం కూడా నాకు లేకపాయె."

నేను సంఘ కార్యదర్శిగా పన్నెండేళ్ళు ఉన్నాను. విరిగిన బెంచీ అమ్మాలన్నా కమిటీ పిలిచి, తీర్మానం రాయించి, సంతకాలు తీసుకున్నాకే అమ్మినవాణ్ణి. అది జ్ఞాపకం వచ్చి మాట పెగల్లేదు. "తప్పయింది" అనడానికి నాకు చాలాసేపు పట్టింది. ఆ మాట అన్నప్పుడు మార్టినిక్ దీపాలు వెనక్కి పోయాయి. ఆమె సరే అనలేదు, కాదనీ అనలేదు. "చల్లగయితున్నది, లోపలికి పోదాం" అంది.

ఆ రాత్రి గదిలో చాలాసేపు మాట్లాడింది. చెల్క గురించి కాదు, వాళ్ళ నాయన గురించి. ఎండాకాలం ముంజెలు కొట్టి పెట్టడం, కందికాయ ఉడకబెట్టడం, ఆమెను మెడ మీద కూర్చోబెట్టుకుని సాగువాన చూపించడం. నలభై ఏళ్ళలో నేను వినని కథలు. నడుమ నడుమ నేను "మరి అప్పుడు?" అనడం తప్ప ఏమీ చేయలేదు.

మర్నాడు సెయింట్ కిట్స్. అక్కడ చెరకు మోసిన చిన్న రైలు ఇప్పుడు యాత్రికులను మోస్తుంది. మూడు వందల ఏళ్ళకు పైగా చెరకే బతుకుగా ఉన్న దీవి, నష్టాలు భరించలేక 2005లో చక్కెర పరిశ్రమను మూసేసింది. పట్టాలకు ఇరువైపులా చేలు పడావు పడి, వాటి మధ్య అక్కడక్కడా తనంతట తానే మొలిచిన చెరకు. రైల్లో పాటలు పాడేవాళ్ళు ఉన్నారు, పానీయాలు ఇచ్చారు. ఆమె మాత్రం పడావు చేలనే చూసింది. "గింత భూమి ఊకనే పడి ఉన్నది" అంది రెండుసార్లు.

చివరి రేవు సెయింట్ మార్టెన్ గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. చిన్న దీవి, సగం ఫ్రెంచి, సగం డచ్చి, 1648లో ఒప్పందం చేసుకుని పంచుకున్నారు. ఒకచోట విమానాలు తీరంలోని మనుషుల నెత్తి మీదుగా దిగుతాయి, దాన్ని చూడటానికి జనం తిరునాళ్ళలా చేరారు. బంగారు దుకాణాల్లో చాలావాటిలో మన సింధీవాళ్ళే. హిందీలో బేరమాడి ఏమీ కొనకుండా వచ్చాం.

దిగే రోజు పొద్దున గోవా అబ్బాయికి ఆమె విడిగా యాభై డాలర్లు ఇచ్చింది. ఇచ్చేముందు నన్ను చూసి, "ఇయ్యనా?" అంది. ఆ చూపులో కాస్త కొంటెతనం ఉంది. శాన్‌హువాన్‌లో వీసా తనిఖీ అరగంటలో అయిపోయింది.

మార్చిలో వరంగల్ చేరాం. వచ్చిన రెండో వారం ఆటో మాట్లాడుకుని ఆ చెల్క దగ్గరికి పోయాం. అడిగింది ఆమే. కొన్నాయన పోయాడు, కొడుకు సాగు చేస్తున్నాడు. బోరు వేశాడు, మిరప పెట్టాడు. కాయ ఏరుతున్నారు. మమ్మల్ని గుర్తుపట్టి, "రా పెద్దమ్మా, మీ చెల్కనే గద" అన్నాడు.

"నాది కాదు బిడ్డా, నీదే. మంచిగ చేసినవు" అంది.

గట్టు వెంట చివరిదాకా నడిచింది. మోకాళ్ళ నొప్పి ఉంది గాని నా చెయ్యి పట్టుకోలేదు. తాటిచెట్లు ఏడే ఉన్నాయి. రెండు పిడుగుకు పోయాయని ఆ అబ్బాయి చెప్పాడు. ఒడి నిండా ఎర్రకాయ పోశాడు, డబ్బు ఇస్తే తీసుకోలేదు. తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో ఆ మూట నా ఒడిలో పెట్టి, "కారం పట్టిస్తే అబ్బాయికి పంపుదామా, ఏమంటరు?" అని అడిగింది.